వెలుగు కత్తి నిజంగా చేయొచ్చా?

"మామయ్యా, సినిమాలో లాంటి వెలుగు కత్తి నిజంగా చేయొచ్చా?" నిన్న రాత్రి మా మేనల్లుడి ప్రశ్న. చెప్పడం కన్నా చూపిస్తే బాగుంటుందనిపించింది. లైట్లు ఆపి, అగరుబత్తి వెలిగించి, లేజర్ పాయింటర్ నొక్కాను. పొగ ఉన్నచోటే ఎర్రటి గీత కనిపించింది. మిగతాదంతా చీకటి, చివర గోడ మీద ఒక చుక్క. తర్వాత రెండు టార్చిలైట్లు అడ్డంగా పట్టుకున్నాం. ఒకదాని వెలుగులోంచి ఇంకోటి హాయిగా వెళ్లిపోయింది. వెలుగు మూడడుగుల దగ్గర ఆగదు, ఇంకో వెలుగును ఢీకొట్టదు. వాడి ముఖం చిన్నబోయింది. నాకూ బాధేసింది.

అప్పుడు కర్నూలు సంగతి చెప్పాను. 2025 ఏప్రిల్ 13న అక్కడ మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చింది. దాన్ని తయారుచేసిన ల్యాబ్ హైదరాబాద్‌లోనే ఉంది. 30 కిలోవాట్లంటే మన ఇళ్లలోని 2 కిలోవాట్ల గీజర్లు పదిహేను. ఆ శక్తినంతా చిన్న చోటికి చేర్చి, ఎగురుతున్న వస్తువు మీద అదే చోట కాసేపు కదలకుండా నిలపాలి. అప్పుడే అది కాలుతుంది. అలా నిలపడమే అసలు కష్టం, నాకైతే అదే అద్భుతం. పొగమంచు, దుమ్ము అడ్డొస్తే బలం తగ్గిపోతుంది కూడా.

వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి అంత కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! పదిన్నర దాకా బ్యాటరీలు, జనరేటర్ల గురించే మాట్లాడుకున్నాం.