పెద్ద రివాల్వర్ బయటపెట్టిన ఉలికిపాటు

ఆరేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం హబ్సిగూడ నుంచి గచ్చిబౌలి దాకా వెళ్లి, అక్కడి షూటింగ్ రేంజ్‌లో 25 మీటర్ల దూరాన నిలిపిన కాగితపు గురిపై .32 క్యాలిబర్ (అంటే దాదాపు అంగుళంలో నూటికి 32 వంతుల వ్యాసం ఉండే) తూటాలు పేల్చి రావడం నాకు అలవాటు. గగన్ నారంగ్, ఈషా సింగ్ వంటివారు ఎదిగిన నగరం కావడం వల్ల హైదరాబాదులో ఈ క్రీడను గౌరవంగా చూసేవారు చాలామంది ఉన్నారు. అయితే ఇక్కడ రేంజ్‌కు వచ్చే మాలో చాలామందికి పెద్ద క్యాలిబర్ రివాల్వర్ చేతికందే సందర్భం దాదాపు రాదు. సెంటర్ ఫైర్ అనే 25 మీటర్ల పిస్టల్ పోటీ నిబంధనలు 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల వరకే క్యాలిబర్‌ను అనుమతిస్తాయి. 2006లో దోహా ఆసియా క్రీడల్లో 600కు 590 సాధించి ప్రపంచ రికార్డును సమం చేసిన జస్పాల్ రాణా గెలిచింది ఈ పోటీలోనే. మన దేశంలో లైసెన్సుపై దొరికే రివాల్వర్లలో ఎక్కువగా కనిపించేది కూడా కాన్పూరులో తయారయ్యే, దాదాపు 700 గ్రాముల బరువుండే .32 రివాల్వరే. కాబట్టి .44 మాగ్నమ్ (ఎక్కువ శక్తితో పేలే పెద్ద తూటా) అనే మాట మాకు చదువుకుని తెలుసుకున్న మాటే తప్ప, చేతికి తెలిసిన మాట కాదు.

గత శీతాకాలంలో డాలస్‌లో స్థిరపడిన మా చిన్నాన్న కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ కొరత తీరింది. వాడు అమెరికా పౌరుడు, పదేళ్లుగా రివాల్వర్లు కాలుస్తున్నవాడు. వాడు టికెట్ల కంటే ముందు నాకు చెప్పిన విషయం ఒకటి ఇక్కడ రాయడం అవసరం. సందర్శక వీసాపై వెళ్లినవారు అక్కడ తుపాకీని గానీ తూటాలను గానీ చేతిలో ఉంచుకోవడం ఆ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. అందుచేత టెక్సాస్ రాష్ట్రం బయటివారికి ఇచ్చే వేట లైసెన్సును ముందుగా తీసుకుని, దాని ప్రతిని జేబులో పెట్టుకున్న తరువాతే రేంజ్‌లో అడుగుపెట్టాను. ఈ సంగతి తెలియకుండానే బంధువుల వెంట రేంజ్‌లకు వెళ్లి ఫొటోలు దిగి వస్తున్న మనవాళ్లను చూస్తే నాకు నిజంగానే భయం వేస్తుంది.

ఆనాడు బల్ల మీద రెండు రివాల్వర్లు ఉన్నాయి. ఒకటి స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29, .44 మాగ్నమ్. 1935లో .357 మాగ్నమ్ వచ్చిన తరువాత కూడా తృప్తిపడని ఎల్మర్ కీత్ అనే పశువుల కాపరి, వేటగాడు, రచయిత, పాత .44 స్పెషల్ తూటాలో తన చేతులతో మందు దట్టించి, దాని శక్తిని ఏళ్ల తరబడి పెంచుతూ పోయాడు. చివరికి 1955లో రెమింగ్టన్, స్మిత్ అండ్ వెసన్ సంస్థలు కలిసి ఆ ఆలోచనకు కొత్త తూటా రూపం, దానికి తగిన రివాల్వర్ ఇచ్చాయి. రెండవది 2003లో వచ్చిన .500 మాగ్నమ్. రెండు కిలోల బరువుండే ఈ రివాల్వర్‌లో తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్‌లో ఆరు బదులు అయిదు గదులే ఉంటాయి. తూటా వ్యాసం 12.7 మిల్లీమీటర్లు కావడంతో ఆరో గదికి చోటు దొరకలేదు.

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ద్రవ్యవేగం పాఠం కింద తుపాకీ, తూటా లెక్కలు మనమందరం చేసినవే. అక్కడ అంకెలుగా కనిపించినది ఇక్కడ మణికట్టులోకి వస్తుంది. మేము వాడే .32 తూటా ఆరున్నర గ్రాముల లోపే ఉండి సెకనుకు 220 మీటర్లకు అటూఇటూగా పోతుంది. .44 మాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల తూటా, అంటే పదిహేనున్నర గ్రాములు, సెకనుకు 410 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. గుణించి చూస్తే ద్రవ్యవేగం నాలుగున్నర రెట్లకు పైగా పెరిగింది. తూటా వెంట వెలువడే వాయువుల తోపును లెక్కలో చేర్చకపోయినా, దాదాపు 1,350 గ్రాముల మోడల్ 29 సెకనుకు నాలుగున్నర మీటర్లకు పైగా వేగంతో వెనక్కి రావాలి. బారెల్ మన మణికట్టు కంటే ఎత్తున ఉంటుంది కనుక ఆ తోపు నేరుగా వెనక్కి రాదు, రివాల్వర్‌ను పైకి తిప్పుతుంది. ఇంకో ముచ్చట నాకు ఎంతో నచ్చింది. తూటా బారెల్‌లో ఉండేది సెకనులో వెయ్యో వంతుకు అటూఇటూగానే అయినా, ఆ కాస్త సమయంలోనే బారెల్ పైకి లేవడం మొదలుపెడుతుంది. అందుకే ఒకే రివాల్వర్‌లో బరువైన, నెమ్మదైన తూటాలు బారెల్‌లో ఎక్కువసేపు ఉండి కాగితంపై ఎత్తున తగులుతాయి. రివాల్వర్ బారెల్ చివర గురి చూడటానికి ఉండే ఫ్రంట్ సైట్ అంత పొడవుగా ఉండటానికి కారణం కూడా ఇదే.

తమ్ముడు ముందుగా మాగ్నమ్ ఇవ్వలేదు. అదే రివాల్వర్‌లో ఇమిడిపోయే, 1907 నాటి .44 స్పెషల్ తూటాలతో మొదలుపెట్టించాడు. చెవుల్లో ప్లగ్గులు పెట్టి వాటిపై చెవులను కప్పే మఫ్స్ కూడా పెట్టించాడు. మాగ్నమ్ రివాల్వర్ల శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క మోత చాలు చెవికి శాశ్వతంగా హాని జరగడానికి. ఎడమచేతి వేళ్లు సిలిండర్ ముందు అంచు దాటకూడదని రెండుసార్లు హెచ్చరించాడు. సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య వెంట్రుక మందంలో ఒకటి రెండు రెట్లుండే సందులో నుంచి పక్కలకు చిమ్మే వేడి వాయువు వేలిని కోసేయగలదు.

స్పెషల్ తూటాలు చక్కగా ఒకచోట పడ్డాయి. ఆపైన మొదటి మాగ్నమ్. అది శబ్దంలా అనిపించలేదు. ఎదుటి గాలి ఒక్కసారిగా గట్టిపడి ఛాతీకి తగిలినట్టు అనిపించింది. చేతులు నుదుటి ఎత్తుకు లేచాయి, అరచేతిలో బొటనవేలి మొదలున్న చోట మంట పుట్టింది, కాగితం మీద మాత్రం రంధ్రం నడిమికి బాగా దగ్గరగా ఉంది. ఆ క్షణపు సంతోషాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించదు. అంతటి శక్తి నా రెండు చేతుల మధ్య నుంచి, నేను కోరిన దిక్కుకే వెళ్లిందన్న ఎరుక ఒళ్లంతా పాకింది. రెండోది కూడా బాగానే పడింది. మూడోది ఎడమవైపు కిందికి జారింది, నాలుగోది ఇంకా కిందికి. అయిదోసారి ట్రిగ్గర్ నొక్కితే తూటా పేలలేదు. సుత్తి 'టక్' మని పడింది, బారెల్ మాత్రం నాలుగు వేళ్ల మేర కిందికి వంగిపోయింది.

నాకు తెలియకుండా తమ్ముడు ఆ గదిలో అప్పటికే పేలిపోయిన తూటా ఖాళీ తొడుగును పెట్టాడు. "అన్నయ్యా, రివాల్వర్ తన్నకముందే నువ్వు దాన్ని కిందికి తోస్తున్నావు," అన్నాడు, చాలా మెల్లగా.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హైదరాబాదులో సెంటర్ ఫైర్ రెండో సగంలో, గురి మూడు సెకన్లు ఎదురుగా తిరిగి ఏడు సెకన్లు పక్కకు తిరిగే ర్యాపిడ్ భాగంలో, నా తూటాలు ఎడమవైపు కిందికి జారడం ఎన్నో నెలలుగా ఉన్న సమస్య. పిడి మార్చాను, ట్రిగ్గర్ బరువు సరిచూపించుకున్నాను, కళ్లద్దాలు కూడా మార్చాను. అసలు లోపం ఉలికిపాటు. చిన్న తూటా తన్ను చిన్నది కనుక, నా తోపు ఆ తన్నులో కలిసిపోయి ఎవరి కంటా పడలేదు. పెద్ద రివాల్వర్ దాన్ని పది రెట్లు చేసి ముందు పెట్టింది. పెద్ద క్యాలిబర్ కాల్చడమంటే కండబలం చూపించడమని అనుకునేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే. ఆ పక్క లేన్‌లో మా మేనత్త వయసున్న, సన్నపాటి ఆవిడ ఒకరు ఇదే తూటాలను ఎంతో నిదానంగా ఒకే చోట గుచ్చుతూ ఉన్నారు.

తరువాతి గంటంతా తమ్ముడు ఆరు గదుల్లో మూడు నిజమైనవి, మూడు ఖాళీవి కలిపి, సిలిండర్ తిప్పి, నా చేతికిచ్చాడు. పిడిని వీలైనంత పైన పట్టుకోవడం, కుడిచేతిని ఎడమచేయి గట్టిగా చుట్టేయడం, ఒంటిని కాస్త ముందుకు వంచి మోచేతులను కొద్దిగా సడలించి ఉంచడం, ఇవన్నీ అవసరమే. వాటన్నిటికంటే కష్టమైనది, రివాల్వర్ లేవబోతుందని తెలిసి కూడా దాన్ని లేవనివ్వడం. ట్రిగ్గర్‌ను వేలు మెల్లగా వెనక్కి తెస్తూ ఉండాలి, ఫ్రంట్ సైట్‌ను కన్ను వదలకూడదు, పేలుడు ఎప్పుడు జరుగుతుందో ఎదురు చూడకూడదు. పన్నెండో సారో, పదమూడో సారో ఖాళీ గదిపై సుత్తి పడినప్పుడు ఫ్రంట్ సైట్ కదలలేదు. ఆ రోజు నేను కాల్చిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఆ పేలని తూటా.

.500 గురించి తక్కువే చెబుతాను. సిలిండర్‌లో తమ్ముడు ఒక్క తూటానే పెట్టాడు. ఇంత తీవ్రంగా తన్నే రివాల్వర్‌లో కొత్తవారి వేలు తెలియకుండానే రెండోసారి ట్రిగ్గర్‌ను నొక్కేసే ప్రమాదం ఉంది, ఆ రెండో తూటా పోయే వేళకు బారెల్ ఎటు తిరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. మొదటిసారి పట్టుకునేవారికి ఒక్క తూటా మించి ఇవ్వకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. బారెల్ చివర ఉన్న రంధ్రాలు వాయువును పైకి చిమ్మి రివాల్వర్ ఎగరడాన్ని కొంత ఆపుతాయి, అందుకు బదులుగా పక్కన నిలుచున్నవారికి మోత పెరుగుతుంది. అలాంటివి మూడు తూటాలు, ఒక్కొక్కటిగా కాల్చాను. మూడింటికీ నిలబడగలిగాను, కానీ అందులో .44లో దొరికిన ఆనందం నాకు దొరకలేదు. ఆ దెబ్బ తరువాత ఏది సరిగా చేశానో, ఏది తప్పానో చేతులు చెప్పలేకపోయాయి.

తిరిగి వచ్చిన తరువాత మా రేంజ్‌లోని శిక్షకులకు ఈ కథంతా చెబితే, ఆయన నవ్వకుండా విని, బీరువాలోంచి నాలుగు డమ్మీ రౌండ్లు, అంటే పేలని నకిలీ తూటాలు, తీసి నా ముందు పెట్టారు. ఇప్పుడు ప్రతి ఆదివారం మొదటి ఇరవై నిమిషాలు వాటికే. అవి ఏ గదుల్లో ఉన్నాయో నాకు తెలియకుండా పక్కన ఉన్న వారెవరైనా సిలిండర్ నింపి ఇస్తారు. గత వారం నాలుగింటిలో మూడుసార్లు బారెల్ నిశ్చలంగా ఉంది. నాలుగోసారి కాస్త కదిలింది. అమెరికాలో నడిచే లోహపు బొమ్మల పోటీల్లో 200 మీటర్ల దూరాన నిలిపిన ఉక్కు పొట్టేలును రివాల్వర్‌తో పడగొడతారు, తగిలితే చాలదు, అది నిలబెట్టిన చోటి నుంచి పడిపోవాలి. వచ్చే ఏడాది తమ్ముడు ఇల్లు మారబోయే చోటికి అలాంటి రేంజ్ ఒకటి దగ్గరలో ఉందట. మోడల్ 29ను నూనె పట్టించి ఉంచానని నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు.