ప్యాకెట్ వెనకవైపు చదివాక

బీపీ కొంచెం ఎక్కువగా ఉంది, ముందు ఉప్పు తగ్గించి చూడండి అన్నారు డాక్టర్. నేను వండేదే తక్కువ, ఇక ఉప్పు ఎక్కడిది? ఆ అనుమానంతోనే వంటింట్లో ఉన్న ప్యాకెట్లన్నీ బల్ల మీద పరిచి, వెనకవైపు చదవడం మొదలుపెట్టాను.

చాలావాటి మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క తేలుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక సూప్ ప్యాకెట్ మీద సోడియం 800 మిల్లీగ్రాములని చూసి ఫర్వాలేదనుకున్నాను. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'ఒక సర్వింగుకు' అని ఉంది, ప్యాకెట్‌లోనేమో రెండు సర్వింగులు. సూప్‌ను సగం తాగి సగం దాచుకునేవాళ్లు ఎవరో నాకు తెలీదు! మొత్తం తాగితే 4 గ్రాముల ఉప్పు, ఒక్క పూటలో.

వండటం రాక కాదు, ఓపిక లేకే ప్యాకెట్లు కొనేదాన్ని. పని నుంచి వచ్చేసరికి కడుపు నకనకలాడుతుంటే ఉల్లిపాయ తరగాలని ఎవరికనిపిస్తుంది? అందుకే ఆ తరగడం, నానబెట్టడం సెలవు రోజుకు మార్చాను. రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో మెత్తగా ఉడికిస్తాను. నానినా సరే, కనీసం పది నిమిషాలు తెర్లకాగాల్సిందే, లేకపోతే కడుపు పాడవుతుంది. వేడి తగ్గాక, రెండు గంటల్లోపే డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. మూడు నాలుగు రోజుల్లో తినలేనిది ఫ్రీజర్‌లోకి.

మొదట్లో అంతా చప్పగా అనిపించింది. నిమ్మరసం, మిరియాలు, దోరగా వేయించిన వెల్లుల్లి ఆదుకున్నాయి. కొన్ని వారాలకు నాలుక అలవాటుపడింది, ఇప్పుడు పాత చిప్స్ నోట్లో పెడితే ఉప్పు కషాయమే.

తిండి కూడా తగ్గింది. అమెరికాలో 20 మందిపై చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కావలసినంత తినమన్నప్పుడు, బాగా ప్రాసెస్ చేసిన ఆహారం ఇచ్చిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తొందరగానూ తిన్నారు. నేనూ అంతే, నమలాల్సిన పనే ఉండేది కాదు.

ప్యాకెట్లు పూర్తిగా మానలేదు. ఫ్రోజెన్ బఠాణీలు కొంటూనే ఉన్నాను, వాటి వెనక రాసి ఉండేది 'బఠాణీలు' అని ఒక్క మాటే.