గేట్ ఎక్స్‌ఈలో పాలిమర్ సైన్స్: వర్గీకరణ చాప్టర్‌తో మొదలుపెట్టకండి

గేట్ ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్‌లో పాలిమర్ సెక్షన్ తీసుకుని రాశానని తెలిసినప్పటి నుంచి జూనియర్లు ఒకటే అడుగుతున్నారు, "అక్కా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా. నాది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మ్యాథ్స్‌తో నేను పడ్డ తిప్పలు బీటెక్ వాళ్లకు ఉండవు, బదులుగా వాళ్లకు రియాక్షన్ మెకానిజమ్స్ దగ్గర టెన్షన్ ఉంటుంది, లెక్క సరిపోతుంది.

పేపర్ సంగతి రెండు ముక్కల్లో: 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. ఆప్టిట్యూడ్‌కు 15, అందరూ రాయాల్సిన ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కు 15, మనం ఎంచుకున్న రెండు సెక్షన్లకు చెరో 35. నేను పాలిమర్‌కు తోడుగా మెటీరియల్స్ సైన్స్ పెట్టుకున్నా, స్ఫటికత్వం, స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్‌ల లాంటివి రెండింట్లోనూ పనికొస్తాయి కాబట్టి.

ఇక అసలు విషయం. ఏ నోట్స్ తీసినా మొదటి పేజీలోనే వర్గీకరణ టేబుల్ ఉంటుంది: సహజ, కృత్రిమ, సంకలన (ఏమీ బయటికి పోకుండా కలిసేవి), సంఘనన (చిన్న అణువు బయటికి పోతూ కలిసేవి), థర్మోప్లాస్టిక్ (వేడికి కరిగేవి), థర్మోసెట్ (కరగనివి), రేఖీయ, శాఖాయుత, జాలక. ఇంటర్ నుంచి మనకు ఇదే అలవాటు, ఆ టేబుల్‌ను బట్టీ పట్టేసి చాప్టర్ అయిపోయిందనుకుంటాం. గేట్‌లో మాత్రం ఆ టేబుల్ ఎక్కడ తెగుతుందో సరిగ్గా అక్కడే ప్రశ్న పడుతుంది. పాలీయురేథేన్‌నే తీసుకోండి, డైఐసోసయనేట్, డైఆల్ కలిసినప్పుడు నీళ్లు గానీ ఇంకేదైనా చిన్న అణువు గానీ బయటికి పోదు, కాబట్టి సంకలనం అని పెట్టేస్తాం, కానీ గొలుసు పెరిగే తీరు చూస్తే అది పక్కా స్టెప్ గ్రోత్ (ఏ రెండు ముక్కలైనా కలుస్తూ గొలుసు మెల్లగా పెరగడం). నైలాన్ 6 ఇంకో తలనొప్పి: కాప్రోలాక్టమ్ వలయం తెరుచుకుని తయారవుతుంది, రిపీట్ యూనిట్‌లో (గొలుసులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) మోనోమర్‌లో (గొలుసు కట్టే చిన్న అణువు) ఉన్న పరమాణువులే అన్నీ ఉంటాయి, అయినా పాలీఅమైడ్ అని చూసి చాలామంది సంఘననం కింద వేసేస్తారు. 1929లో కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంకలన, సంఘనన విభజన చేసింది ఏం బయటికి పోయిందో చూసి. తర్వాత ఫ్లోరీ గొలుసు ఎలా పెరుగుతోందన్నది ఆధారంగా తీసుకున్నాడు. ఈ రెండు ప్రశ్నలూ వేరని ముందే తెలిస్తే టేబుల్‌తో పనే ఉండదు. అందుకే నేను చెప్పేది, ముందు సింథసిస్ చదవండి, వర్గీకరణ దానంతటదే వస్తుంది.

స్టెప్ గ్రోత్‌తో మొదలుపెట్టండి. కరోథర్స్ సమీకరణం ఒక్కటే: సగటు గొలుసు పొడవు అంటే 1 బై (1 మైనస్ పి), ఇక్కడ పి అంటే చర్య జరిగిన గ్రూపుల భిన్నం. దీన్ని సూత్రంలా చూస్తే ఏమీ అనిపించదు, పెన్ను పట్టుకుని విలువలు వేయండి. సగం గ్రూపులు అయిపోయాక కూడా గొలుసు సగటు పొడవు 2 మాత్రమే. 98 శాతానికి 50, 99కి 100, 99.5కి 200. అంటే చివరి ఒక్క శాతంలోనే అసలు పాలిమర్ పుడుతోంది! పైగా రెండు మోనోమర్లూ సరిసమానంగా లేకపోతే అంతే సంగతులు, నిష్పత్తి 0.99 ఉంటే చర్య నూటికి నూరు శాతం పూర్తయినా పొడవు 199 దగ్గర ఆగిపోతుంది. నైలాన్ 66కి డైఅమీన్, అడిపిక్ ఆమ్లం కలిపి ముందు లవణంగా ఎందుకు చేస్తారో ఇప్పుడు చెప్పక్కర్లేదు, లవణంలో రెండూ 1:1లోనే ఉంటాయి.

దీనికి మినహాయింపు ఒకటుంది, అది నేను ల్యాబ్‌లో చూశా కాబట్టి పరీక్షలో ఆలోచించాల్సిన పనే పడలేదు. బీకర్ అడుగున సోడా కలిపిన డైఅమీన్ నీటి ద్రావణం, దాని మీద హెక్సేన్‌లో కరిగించిన సెబకాయిల్ క్లోరైడ్ మెల్లగా పోస్తే రెండు పొరలు కలిసే చోట తెల్లటి పల్చని పొర కట్టేస్తుంది. ఫోర్సెప్స్‌తో మధ్యలో పట్టుకుని పైకి లాగితే తాడులా వస్తూనే ఉంటుంది, లాగిన చోట వెంటనే కొత్త పొర. అదే నైలాన్ 610. ఇక్కడ కొలతలు కచ్చితంగా సమానంగా లేకపోయినా పెద్ద గొలుసులు వస్తాయి, ఎందుకంటే చర్య ఆ సరిహద్దులోనే, మోనోమర్లు అక్కడికి వచ్చి చేరే వేగాన్ని బట్టి జరుగుతుంది. సోడా ఎందుకంటే, విడుదలయ్యే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని తినేయడానికి.

చైన్ గ్రోత్ (పెరుగుతున్న కొనకే మోనోమర్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరే పద్ధతి) కథ పూర్తిగా తిరగబడుతుంది. పది శాతం మోనోమర్ ఖర్చయ్యేసరికే పొడవాటి గొలుసులు తయారై ఉంటాయి, మిగతాదంతా ముట్టుకోని మోనోమర్. ఫ్రీ రాడికల్ చర్య రేటు ఇనీషియేటర్ (చర్యను మొదలుపెట్టే పదార్థం) గాఢత వర్గమూలాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఇనీషియేటర్ నాలుగు రెట్లు చేస్తే రేటు రెట్టింపు, కైనెటిక్ చైన్ పొడవు (ఒక్కో రాడికల్ కలుపుకునే మోనోమర్ల సంఖ్య) సగం. వేగం కావాలంటే పొడవు వదులుకోవాలన్నమాట. ఎమల్షన్ పద్ధతిలో (నీళ్లలో తేలే చిన్న కణాల్లో చర్య జరిపే తీరు) మాత్రం కణాల సంఖ్య పెంచితే రెండూ పెరుగుతాయి, ఎమ్మెస్‌క్యూకి (ఒకటి లేదా అంతకు మించి సరైన ఆప్షన్లు ఉండే ప్రశ్న) చక్కగా సరిపోయే పాయింట్ ఇది.

గొలుసు నిర్మాణం కూడా ఇక్కడి నుంచే అర్థమవుతుంది. ఎల్‌డీపీఈ, హెచ్‌డీపీఈ (తక్కువ సాంద్రత, ఎక్కువ సాంద్రత పాలీఇథిలీన్) తేడాను సాంద్రతల జాబితాగా చదవకండి. వెయ్యి అట్మాస్ఫియర్లు దాటిన పీడనంలో ఇథిలీన్‌ను రాడికల్స్‌తో నడిపిస్తే పెరుగుతున్న కొన వెనక్కి తిరిగి తన గొలుసులోనే ఐదో కార్బన్ నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, పెరుగుదల అక్కడికి మారుతుంది, మిగిలిన నాలుగు కార్బన్ల తోక బ్యూటైల్ శాఖగా నిలిచిపోతుంది. శాఖలుంటే గొలుసులు దగ్గరగా పేరుకోవు, స్ఫటికత్వం తగ్గుతుంది, సాంద్రతా తగ్గుతుంది. జీగ్లర్ ఉత్ప్రేరకంతో తక్కువ పీడనంలో చేస్తే ఈ గొడవ దాదాపు లేదు, కాబట్టి గొలుసు నిటారు. నట్టా అదే దారిలో పాలీప్రొపిలీన్‌లో మిథైల్ గ్రూపులన్నీ ఒకే వైపు ఉండే ఐసోటాక్టిక్ రకం రాబట్టాడు. 1963 నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. టాక్టిసిటీ (పక్క గ్రూపులు ఏ వైపు ఉన్నాయన్న అమరిక) కాన్ఫిగరేషన్ కిందికి వస్తుంది, బంధం తెంచకుండా మారదు. గొలుసును ఎంత మెలితిప్పినా అటాక్టిక్ (గ్రూపులు క్రమం లేకుండా ఉండే రకం) ఐసోటాక్టిక్ అవదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే ఒక మార్కు ఖాయం.

ఇప్పుడు మార్కులు ఎక్కువగా పోయే చోటు, సగటు అణుభారాలు. ప్రశ్నలో "సమాన సంఖ్య"లో కలిపారా, "సమాన బరువు"లో కలిపారా అన్నది కింద గీత గీసుకోండి. 10,000, 1,00,000 అణుభారాలున్న రెండు నమూనాలు సమాన సంఖ్యలో కలిపితే నంబర్ సగటు (మొత్తం బరువును గొలుసుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది) 55,000, వెయిట్ సగటు (బరువైన గొలుసులకు ఎక్కువ విలువ ఇచ్చేది) దాదాపు 91,818, పీడీఐ (వెయిట్ సగటు బై నంబర్ సగటు) 1.67. అవే సమాన బరువుల్లో కలపండి: నంబర్ సగటు 18,182కి పడిపోతుంది, ఎందుకంటే ఒక గ్రాములో చిన్న గొలుసులు పది రెట్లు ఎక్కువుంటాయి. వెయిట్ సగటు 55,000, పీడీఐ 3కి కొంచెం పైన. అదే 55,000 ఒకసారి ఒక సగటుగా, ఇంకోసారి మరో సగటుగా వస్తోంది చూడండి, తొందరలో అక్కడే కాలు జారుతుంది. ఆస్మోమెట్రీ గొలుసుల సంఖ్యను లెక్కిస్తుంది కాబట్టి నంబర్ సగటు, లైట్ స్కాటరింగ్ పెద్ద అణువుల వైపు మొగ్గుతుంది కాబట్టి వెయిట్ సగటు.

జెల్ పాయింట్ (గొలుసులు వలలా అల్లుకుని గడ్డకట్టే దశ) లెక్కలో ఎవరి సిద్ధాంతం అడిగారో చూసి మరీ చేయండి. రెండు మోల్స్ గ్లిజరాల్, మూడు మోల్స్ థాలిక్ అన్‌హైడ్రైడ్ తీసుకుంటే సగటు ఫంక్షనాలిటీ (ఒక్కో అణువుకు చర్య జరిపే గ్రూపుల సంఖ్య) 2.4, కరోథర్స్ ప్రకారం పి విలువ 0.833 దగ్గర జెల్. ఫ్లోరీ-స్టాక్‌మేయర్ ప్రకారం 0.707. నిజంగా ఫ్లాస్కులో చేస్తే రెండింటి మధ్యలో గడ్డకడుతుంది. న్యూమరికల్ ప్రశ్నల్లో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి వదలొద్దు, కానీ స్క్రీన్ మీది కాలిక్యులేటర్‌ను మౌస్‌తో నొక్కడం చిరాకు, ఇంట్లో ప్రాక్టీస్ కూడా దాంతోనే చేయండి, రౌండింగ్ చివర్లోనే చేయండి.

ఇవన్నీ అయ్యాక వర్గీకరణ పేజీ తెరవండి, ఒక సాయంత్రం చాలు. దేన్ని ఏ గడిలో వేయాలో మీకే తెలిసిపోతుంది. ఎస్‌బీఎస్ (స్టైరీన్-బ్యూటాడైన్-స్టైరీన్) దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి: గదిలో ముట్టుకుంటే రబ్బరే, కానీ దాని క్రాస్‌లింకులు (గొలుసులను కట్టిపడేసే ముడులు) రసాయన బంధాలు కావు, గట్టిపడిన పాలీస్టైరీన్ ముద్దలు, 100 డిగ్రీలు దాటాక మెత్తబడిపోతాయి. అందుకే వల్కనైజ్ చేసిన టైరు కరగదు, ఇది కరుగుతుంది. ఎలాస్టోమర్, థర్మోప్లాస్టిక్ రెండు ఆప్షన్లూ ఇచ్చి ఎమ్మెస్‌క్యూ అడిగితే రెండూ టిక్ పెట్టేయండి.