మడతలో దాచిన మూడంగుళాలు

మా పుట్టిల్లు టెక్కలి, మెట్టినిల్లు పర్లాకిమిడి. మధ్యలో పాతపట్నం, అది దాటగానే ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు కలిసింది గానీ, బజారులో ఇప్పటికీ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. అందుకే పెళ్లై వచ్చినప్పుడు పరాయి చోటికి వచ్చానని నాకు అనిపించలేదు. పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాకే తేడా తెలిసింది. మా పిల్లలిద్దరూ ఆకలైతే తెలుగులో అడుగుతారు, ఎక్కాలు ఒడియాలో చదువుతారు. ఏ బాధ ఏ భాషలో చెప్పుకుంటారో మాత్రం నాకు ముందుగా తెలియదు.

నిరుడు మావాడికి పదమూడో ఏడు. సంక్రాంతికి నా నుదుటి దాకా ఉన్నవాడు దసరా నాటికి నన్ను దాటిపోయాడు. ఒంట్లో కండ లేదు, పొడుగు మాత్రం వచ్చేసింది. బడికి వెళ్లేటప్పుడు ఎడమ చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది. స్టైల్ కొడుతున్నాడనుకుని రెండుసార్లు కసిరాను. ఒకరోజు సాయంత్రం వాడు చెల్లెలితో ఒడియాలో చెబుతుంటే విన్నాను, "ప్యాంట్ ఛొటొ హెయిగలా" అని. పొట్టిదైపోయిందని క్లాసులో నవ్వుతున్నారట. అందుకని ప్యాంటును నడుం మీంచి కిందికి దించి, అంచు బూట్ల మీద పడేలా చేసుకుని, జారిపోకుండా జేబులోంచి పట్టుకుని నడుస్తున్నాడు. నవ్వినవాళ్లు ఒడియాలో నవ్వారు కాబట్టేమో, ఆ మాట నాకు తెలుగులో చెప్పుకోలేకపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే బడి చెప్పిన యూనిఫారం దుకాణానికి వెళ్లాం. అక్కడ సైజు అడగరు, ఏ క్లాసో అడుగుతారు. ఎనిమిదో క్లాసు ప్యాంటు నడుముకి కాస్త వదులు, పొడవు చీలమండ పైకే. పదో క్లాసుది తీస్తే పొడవు సరిపోయింది, నడుములో ఇద్దరు పడతారు. బెల్టు బిగిస్తే గుడ్డంతా ముందు కుచ్చిళ్లలా పోగుపడింది. శ్రీకాకుళం వెళ్లాం, బరంపురం వెళ్లాం. పెద్దవాళ్ల జీన్సు చాలా చోట్ల 28 నడుంతో మొదలవుతుంది. మావాడి నడుము 24. "పెరిగే పిల్లాడు కదమ్మా, 28 తీసుకోండి, నడుం పట్టించేద్దాం" అన్నారొక చోట. పట్టించాం. నాలుగంగుళాలు ఒక్క వెనక కుట్టులోనే లాగేసరికి వెనక జేబులు రెండూ దగ్గరికి వచ్చి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాడు అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని ఏమీ అనలేదు, విప్పి మడిచి నా చేతికిచ్చాడు.

రెడీమేడ్‌లో నడుమూ పొడవూ కలిసి పెరుగుతాయి. పిల్లలు అలా పెరగరు. ఆ వయసులో ముందు పాదాలు, కాళ్లు సాగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. అబ్బాయిల్లో ఎదుగుదల ఎక్కువ వేగంగా ఉండేది పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు. ఆ ఒక్క ఏడాదిలోనే తొమ్మిది సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో పెరగొచ్చు. అమ్మాయిల్లో ఇది దాదాపు రెండేళ్లు ముందే వస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది పిల్లల డాక్టరు గారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు 2015లో సవరించిన ఎదుగుదల చార్టు ముందు పెట్టి, చిన్నప్పటినుంచీ వాడి గీత ఎలా నడిచిందో చూపించారు. తన గీత మీదే తాను నడుస్తున్నాడు, తింటున్నాడు, ఆడుతున్నాడు, కంగారు వద్దన్నారు. ఉన్న బరువు తగ్గినా, నీరసంగా ఉన్నా అప్పుడు తీసుకురమ్మన్నారు.

నేను డాక్టరు దాకా వెళ్లడానికి కారణం చుట్టాలు. టెక్కలిలో ఏ పెళ్లికి వెళ్లినా "పిల్లాడికి తిండి పెట్టట్లేదేటే?" అనే పలకరింపే. ఇక్కడ మా పక్కింటి ఒడియా ఆవిడా అదే మాట, ఆవిడ భాషలో. రెండు వైపులా ప్రేమతోనే అంటారు. కానీ వాడు పక్కనే నిలబడి ఉంటాడు, వాడికి రెండు భాషలూ వచ్చు. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే నేను వెంటనే ఆపేస్తున్నాను. పెద్దవాళ్లైనా సరే.

దారి చూపింది మా అమ్మ. చిన్నప్పుడు నా పట్టు పరికిణీకి అంచు పైన వరసగా మూడు టక్కులు వేయించేది. ఏడాదికొకటి విప్పితే అదే పరికిణీ నాలుగు పండగలకి వచ్చేది. "ప్యాంటుకి మాత్రం ఎందుకు కుదరదే?" అంది ఫోన్‌లో. ప్యాంటుకి బయట టక్కు వేస్తే కనిపిస్తుంది. లోపలి మడతలో అయితే దాచొచ్చు.

బడిలో అడిగితే, రంగు అచ్చంగా అదే అయితే కుట్టించుకోమన్నారు. 58 అంగుళాల పన్నా టెర్రీకాటన్ గుడ్డ ఒకటింపావు మీటరు తీసుకుని, మా వీధి చివర టైలరు మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఒడియా ఆయన, మాతో తెలుగే మాట్లాడతారు. నేను వాడి వయసు, క్లాసు చెప్పబోతే, "వయసు చెప్పకండమ్మా, బాబుని నిలబెట్టండి" అన్నారు. బడికి వేసుకునే బూట్లతోనే నిలబెట్టారు. నడుము 24, సీటు, తొడ, మోకాలు, కింద అంచు, పొడవు 40. తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి, నడుం నుంచి స్టూలు దాకా ఇంకో కొలత. సన్నటి పిల్లలకి తుంటి నిలుపు ఉండదు, ఈ కొలత తక్కువ పెడితే ప్యాంటు జారుతూనే ఉంటుందని చెప్పారు. కింద మూడంగుళాల మడత. నడుం పట్టీలో వెనక సగానికే ఎలాస్టిక్ వేశారు, ముందు నున్నగా ఉంది. వెనక కుట్టులో అంగుళంన్నర గుడ్డ వదిలారు, ఒళ్లు వస్తే విప్పడానికి.

కుట్టే ముందు గుడ్డను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి, ముఖ్యంగా కాటనైతే. మొదటి ఉతుకులో అరంగుళం పోయినా ఇలాంటి పిల్లలకి అదే తేడా.

ఆ కొలతలు రాసిపెట్టడం మా అమ్మాయి పని. ఒకరోజు దాని నోటు పుస్తకం తెరిచి చూస్తే "నడుము", "పొడవు", "మోకాలు" అన్నీ తెలుగు మాటలే, రాసింది మాత్రం ఒడియా అక్షరాల్లో. తప్పు దిద్దాలనిపించింది, ఆగాను. మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. పిల్ల ఇంట్లో మాట్లాడే మాటనే రాసుకుంది. ఆ పక్కనే తెలుగు అక్షరాల్లో నేనూ ఒక వరస రాసి ఇచ్చాను. ఇప్పుడు రెండు వరసలూ అదే నింపుతోంది.

దానికి పదకొండు, ఇప్పుడు దాని వంతు. లెగ్గిన్సు కొన్న రెండు నెలలకే పిక్కల మీదికి వస్తున్నాయి. చుడీదారు కుట్టిస్తున్నాను. దాన్ని కాలికన్నా పొడుగ్గానే కత్తిరిస్తారు, మిగిలింది చీలమండ దగ్గర గాజుల్లా ముడతలు పడాలి. నడుముకి బొందు. కాలు పెరిగితే ముడతలు తగ్గుతాయి, అంతే.

మొన్న ఉగాదికి మావాడే కత్తెర మొనతో అంచు కుట్టు విప్పుకున్నాడు. పాత మడత గీత తెల్లగా కనిపించింది. నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి తడిపి ఇస్త్రీ చేస్తే చాలావరకు పోయింది. మాస్టారు అంగుళంన్నర దించి మళ్లీ కుట్టారు. వాడు రెండు చేతులూ ఊపుకుంటూ బడికి వెళ్లాడు. చెల్లెలు పుస్తకంలో 40 కొట్టేసి 41న్నర రాసింది. మడతలో ఇంకా అంగుళంన్నర ఉంది.