సీటీసీకి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లే ముందు

"ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది, సీటీసీలో ఎంత తీసుకుంటారు?" అని అడిగితే సరైన జవాబు ఎవరూ చెప్పలేరు. డిస్క్ మార్చాలా, ర్యామ్ పెంచాలా, ఫ్యాన్‌లో దుమ్ము తీస్తే చాలా అన్నది ముందు తేలాలి. అది తేలకుండా చెప్పే ధర ఒట్టి అంచనా. సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం, చెనాయ్ ట్రేడ్ సెంటర్. అక్కడ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. కానీ కౌంటర్ దగ్గర రద్దీలో మీ మెషీన్‌ని పావుగంట గమనించే తీరిక ఎవరికుంటుంది? అందుకే చాలాచోట్ల మొదటి మందు ఒకటే: ఫార్మాట్ కొట్టేద్దాం సార్. హార్డ్ డిస్కే అరిగిపోయి ఉంటే ఫార్మాట్ కొట్టాక రెండు వారాలు బాగుంటుంది, మూడో వారం మళ్లీ మొదటికొస్తుంది.

ఆ పావుగంట ఇంట్లో మీరే పెట్టండి. ల్యాప్‌టాప్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలేయండి. స్టార్ట్ అయిన వెంటనే అప్‌డేట్లు, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ స్కాన్ నడుస్తుంటాయి కాబట్టి అప్పుడు చూసే అంకెలు నమ్మదగ్గవి కావు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. ఎడమవైపు డిస్క్ 0 కింద హెచ్‌డీడీ (తిరిగే ప్లేట్ల పాత హార్డ్ డిస్క్) అని ఉందా, ఎస్ఎస్‌డీ (చిప్‌లతో పనిచేసే వేగమైన డిస్క్) అని ఉందా? హెచ్‌డీడీ ఉండి, మీరేమీ చేయకపోయినా వాడకం వంద శాతం దగ్గర నిలబడి, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీ దాటకపోతే జబ్బు దొరికినట్టే. తిరిగే ప్లేట్ల మీద తల అటూ ఇటూ పరుగెత్తి చిన్న చిన్న ఫైళ్లు వెతకడానికే టైమంతా పోతోంది. దీనికి ఎస్ఎస్‌డీ ఒక్కటే మందు. దాని బదులు ర్యామ్ పెంచితే డబ్బు ఖర్చవుతుంది గానీ తేడా పెద్దగా తెలియదు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి డిస్క్ ఆరోగ్యం కూడా చూడండి. డిస్క్‌లో పాడైన, పాడవుతున్న చోట్లను లెక్కపెట్టే రీఅలొకేటెడ్ సెక్టర్లు, కరెంట్ పెండింగ్ సెక్టర్లు అన్న రెండు వరుసల్లో సున్నా కాకుండా ఏదైనా ఉండి, పైన కాషన్ అని పసుపు రంగు కనిపిస్తే ఆ రోజే డేటా బయటికి తీసుకోండి. ఆ డిస్క్‌ని డీఫ్రాగ్ చేయడం (ఫైళ్ల ముక్కల్ని ఒకచోటికి సర్దడం), స్కాన్లు పెట్టడం వద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి అదనపు పరుగు చేటు చేస్తుంది.

డిస్క్ ఎస్ఎస్‌డీయే అయితే అప్పుడు మెమరీ పేజీకి వెళ్లండి. మీరు రోజూ తెరిచే బ్రౌజర్ ట్యాబులు, ఎక్సెల్, జూమ్ అన్నీ తెరిచి ఉంచి చూడాలి. 8 జీబీలో 7 దాటి వాడుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. అక్కడే స్లాట్స్ యూజ్డ్ ఎదురుగా 1 ఆఫ్ 2 అని ఉంటే ఒక స్లాట్ ఖాళీ. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ఎస్ఓడిమ్ అని ఉంటే మార్చగలిగే ర్యామ్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అది మదర్‌బోర్డుకే అతికించిన ర్యామ్, దాన్ని ఏ షాపులోనూ పెంచలేరు. పలుచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఇదే పరిస్థితి. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలుంటాయి, ఒకదాని స్లాట్‌లో ఒకటి దూరవు, గాడి చోటే వేరు. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్ అయితే 1.35 వోల్ట్‌లతో నడిచే డీడీఆర్3ఎల్ అడగాలి. మామూలు డీడీఆర్3 1.5 వోల్ట్‌లది, గాడిలో చక్కగా కూర్చుంటుంది గానీ స్క్రీన్ మీద ఏమీ రాదు.

ఎస్ఎస్‌డీలో ఎక్కువమంది దెబ్బతినేది ఎం.2 అనే చిన్న పట్టీలాంటి కార్డు దగ్గర. పాత ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఉంటే చిక్కు లేదు. అదే సైజు సాటా ఎస్ఎస్‌డీ దాని చోటులోనే కూర్చుంటుంది, వేగం సెకనుకు 550 ఎంబీ దాకా. ఎం.2 మాత్రం ఒకే ఆకారంలో రెండు రకాలు: పాత పద్ధతి సాటా, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ. సాటా ఎం.2 కార్డుకు సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈ కార్డుకు ఒకటి. ఎన్‌వీఎంఈ మాత్రమే గుర్తించే స్లాట్‌లో సాటా కార్డు కూడా పడుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది. విండోస్ కంటే ముందు నడిచే బయోస్ తెరలో మాత్రం కనపడదు. అప్పుడు "ఎస్ఎస్‌డీ డెడ్" అంటారు, అది డెడ్ కాదు. మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ వెతికితే స్లాట్ ఏ రకమో, కార్డు పొడవు 80 మిల్లీమీటర్లా 42 మిల్లీమీటర్లా అన్నది రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటో తీసుకుని పెట్టుకోండి. షాపులో "డెల్ ల్యాప్‌టాప్" అంటే సరిపోదు, పూర్తి మోడల్ నంబర్ కావాలి.

ఇక బయల్దేరే ముందు డేటా. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేస్తే అయిపోయిందనుకుంటారు. ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది వన్‌డ్రైవ్‌లో ఉంది, మీ డిస్క్‌లో లేదు. ట్యాలీ డేటా డాక్యుమెంట్స్‌లో ఉంటుందనుకోవద్దు, దాని ఫోల్డర్ దారి ట్యాలీ తెర మీదే కనిపిస్తుంది, రాసుకోండి. అను ఫాంట్లతో పాత పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నవాళ్లు ఆ ఫాంట్లనూ, ఇన్‌స్టలేషన్ ఫైళ్లనూ విడిగా దాచుకోవాలి. అది యూనికోడ్ కాదు కాబట్టి ఫాంట్ లేని మెషీన్‌లో తెలుగంతా పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ ఏ మెయిల్ ఐడీకి ముడిపడి ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి, ఫార్మాట్ అయ్యాక గుర్తు తెచ్చుకోవడం కష్టం.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకు వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే చాలా మెషీన్లలో అది మీరు అడక్కుండానే ఆన్ అవుతుంది. బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ చేసినా, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది. ముందే తీసి కాగితం మీద రాసుకోండి, ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి. కీ లేకపోతే ఆ డేటాని హైదరాబాద్‌లోనే కాదు, ఎక్కడా తీయలేరు.

షాపులో అడక్కుండా ఊరుకోకూడని సంగతి విండోస్ ఎడిషన్, అంటే హోమా, ప్రోనా అన్నది. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ బోర్డులోనే ఉంటుంది. మీది హోమ్ అయితే మళ్లీ హోమే వేస్తే నెట్ తగలగానే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది, పైసా ఖర్చు లేదు. కానీ అలవాటుగా అందరికీ ప్రో వేసి, డిఫెండర్‌ని ఆపేసి, లైసెన్స్ లేకున్నా ఉన్నట్టు చూపించే యాక్టివేటర్ ప్రోగ్రామ్ నడిపి ఇచ్చేవాళ్లున్నారు. కొన్న లైసెన్స్ మూలనపడి, దొంగ తాళం చేతికొస్తుంది. ఆ యాక్టివేటర్‌తో పాటు ఇంకేం లోపలికొచ్చిందో చెప్పేవాళ్లుండరు. బ్యాంకు పనులు చేసే మెషీన్‌లో అది అస్సలు ఒప్పుకోవద్దు. "నాది హోమ్, హోమే వేయండి" అని ముందే చెప్పండి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి మెషీన్లకు భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. ఐ5-7200యూలో గీత తర్వాతి 7 ఏడో తరం, ఐ5-8250యూలో 8 ఎనిమిదో తరం. ఏడో తరం మెషీన్‌లోనూ తనిఖీ దాటించి 11 వేసిస్తారు, నడుస్తుంది కూడా. అయితే అలాంటి మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్రౌజర్, మెయిల్, వీడియోలకే వాడే మెషీన్ అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

చార్జర్ కొనాల్సివస్తే పాతదాని మీద అవుట్‌పుట్ చూడండి. 19.5 వోల్ట్ 3.33 యాంప్ అంటే 65 వాట్లు. వోల్టేజ్ కలవాలి, యాంప్ అంతే ఉండాలి లేదా ఎక్కువుండాలి, పిన్ కూడా సరిపోవాలి. డెల్‌వాటిలో మధ్య సన్న పిన్ చార్జర్ రకాన్ని మెషీన్‌కి చెబుతుంది. అది పాడైతే ల్యాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు, పాపం. ఇక డెస్క్‌టాప్‌లో ప్రతిసారీ తేదీ వెనక్కి పోయి, బ్రౌజర్ ఏ సైట్ తెరిచినా సెక్యూరిటీ హెచ్చరిక చూపిస్తుంటే అది వైరస్ కాకపోవచ్చు. ముందు బోర్డు మీది సీఆర్2032 బటన్ బ్యాటరీ మార్చి చూడండి.

పని అయ్యాక కౌంటర్ దగ్గరే మూడు చూడండి. టాస్క్ మేనేజర్‌లో కొత్త ర్యామ్ మొత్తం కనిపిస్తోందా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎస్ఎస్‌డీ పవర్ ఆన్ గంటలు ఒకటి రెండు దగ్గరే ఉన్నాయా? వందల్లో ఉంటే అది వాడిన సరుకు. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ ఉందా? బిల్లు లేకుండా తగ్గిస్తామంటే, తగ్గేది వారంటీ అడిగే వీలు కూడా. పాత హార్డ్ డిస్క్ మీదే, అడిగి తీసుకోండి. 2.5 అంగుళాల యూఎస్‌బీ 3.0 ఎన్‌క్లోజర్‌లో (డిస్క్‌ని యూఎస్‌బీతో కలిపే డబ్బాలో) పెట్టి, మరిచిపోయిన ఫైలేదైనా గుర్తొచ్చేందుకు కనీసం ఒక నెల అందులోని డేటా చెరపకుండా ఉంచండి.