డీఎస్సీ ఫిజికల్ సైన్స్: ఒక్క లైన్ టాపిక్‌ను నేను చదివిన పద్ధతి

సెలక్షన్ లిస్టు వచ్చినప్పటి నుంచి "కంటెంట్ ఎలా చదివావు అక్కా?" అని జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. సిలబస్, మార్కుల లెక్క మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

గత డీఎస్సీలో కొద్ది మార్కుల తేడాతో ఉద్యోగం చేజారింది. ఈసారి వన్ లైనర్లను (ఒక్క వాక్యంలో చెప్పేసే పాయింట్లను) ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వెళ్లాను. "ఉపరితల వైశాల్యం పెరిగితే చర్యా వేగం పెరుగుతుంది" అనేది అందులో ఒకటి.

1 సెం.మీ. భుజం ఉన్న ఘనం ఉపరితలం 6 చదరపు సెం.మీ. దాన్ని 1 మి.మీ. ఘనాలుగా కోస్తే 1000 ముక్కలు, మొత్తం ఉపరితలం 60 చదరపు సెం.మీ. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఘనాలైతే 60,000 చదరపు సెం.మీ., అంటే 6 చదరపు మీటర్లు! పదార్థం ఏమీ పెరగలేదు. లోపలున్న కణాలు బయటపడ్డాయి. దీని మీద ఆమ్లం పోస్తే అది తగిలేది బయటున్న కణాలకే, అందుకే సెకనుకు జరిగే అభిఘాతాలు (కణాలు ఢీకొనడం) పెరుగుతాయి. ఈ లెక్క చేత్తో వేశాకే, కణాలు ఢీకొంటేనే చర్య జరుగుతుందనే అభిఘాత సిద్ధాంతం నాకు పట్టుబడింది.

ఇక ప్రశ్నలు వాటంతటవే పుట్టాయి. 1 గ్రాము పాలరాయి ముక్కలకు, 1 గ్రాము పాలరాయి పొడికి కావలసినంత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే ఏది ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది? పాలరాయి అంటే కాల్షియం కార్బొనేటే, బరువు రెండింటిలోనూ ఒకటే, కాబట్టి రెండూ 0.44 గ్రాములే. గ్రాఫులో పొడి గీత నిటారుగా లేచి ముందే చదునవుతుంది, ముక్కల గీత ఆలస్యంగా అదే ఎత్తుకు చేరుతుంది. ఉత్తేజన శక్తి (చర్య జరగడానికి కావలసిన కనీస శక్తి) తగ్గుతుందా? తగ్గదు, అది ఉత్ప్రేరకం చేసే పని. రెండు ద్రావణాలను కలిపితే? అక్కడ ఈ కారకం వర్తించదు, ఇది విజాతీయ చర్యలకే, అంటే ఘనం-ద్రవం లాంటి వేర్వేరు స్థితుల్లో ఉన్న పదార్థాల మధ్య జరిగే చర్యలకే. నూనెల హైడ్రోజనీకరణంలో (నూనెకు హైడ్రోజన్ కలపడంలో) ఉత్ప్రేరకమైన నికెల్‌ను మెత్తని పొడిగా ఎందుకు వాడతారో ఇక్కడే తెలుస్తుంది. 1785లో ఇటలీలోని టురిన్‌లో ఒక పిండి గోదాము పేలింది. గాలిలో లేచిన పిండి ధూళికి దీపం మంట అంటుకోవడమే కారణం. పిండి కుప్పగా ఉంటే అలా పేలదు.

గుడ్డు పెంకుల్లో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. కొన్ని ముక్కలుగా, కొన్ని పొడిగా చేసి వెనిగర్ పోసి చూడండి. పొడి ఉన్న గ్లాసులో వెంటనే నురగ లేస్తుంది, ముక్కల మీద చిన్న బుడగలే వస్తాయి.

"ఒక్క కాన్సెప్టుకు ఇంత టైమా?" అని రూమ్మేట్స్ అడిగేవాళ్లు. వాళ్ల రివిజన్లు నాకంటే ముందుండేవి, నాకూ టెన్షన్ వచ్చేది. అయినా నా పద్ధతి సరైనదేనని ఇప్పటికీ గట్టిగా చెబుతాను. రేపు క్లాసులో పిల్లాడు లేచి "ఎందుకు టీచర్?" అంటే వన్ లైనర్ చెప్పి కూర్చోబెడతామా? ఫోన్ పక్కన పెట్టండి, పొద్దున్నే కూర్చోండి, అర్థమయ్యే దాకా పేజీ తిప్పకండి.

మెథడాలజీకి తెలుగు అకాడమీ పుస్తకం, జీకేకి రోజూ పేపరు చదివాను. విద్యా దృక్పథాలకు సొంత నోట్సు రాసుకున్నాను. ఆ నోట్సు కావాలంటే అడగండి, పంపిస్తాను.