నెత్తలి ఇంటికి అలవాటు పడుతోంది

నెత్తలి మా కుక్క. విశాఖలో పెదజాలారిపేట వీధుల్లో పెరిగింది. కాలికి దెబ్బ తగిలితే వీధికుక్కల్ని కాపాడే రెస్క్యూ పిల్లలు వైద్యం చేయించారు. నయమయ్యాక మా లాసన్స్ బే ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. పక్కటెముకలు లెక్కపెట్టేంత సన్నం, పైగా ఎండుచేపల వాసన, అందుకే అత్తయ్య ఆ పేరు ఖాయం చేశారు. చెవి కొస కత్తిరించి ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది.

తొలి రోజులు: ముట్టుకోకుండా, పిలవకుండా వదిలేశాం. టైల్స్ మీద కాళ్లు జారి అడుగు వేయడానికే భయపడేది. గుమ్మం నుంచి దాని మూల దాకా గోనెపట్టాలు పరిస్తే, వాటి మీదే అంచులు తొక్కకుండా నడిచింది. ఫ్యాన్ తిరిగితే మాత్రం సోఫా కిందికి దూరేది.

ఉచ్చ విషయం పెద్ద టెన్షన్ పెట్టింది. ఇంట్లో పోయలేదని అందరూ మెచ్చుకున్నారు కానీ, పాపం రాత్రంతా బిగబట్టుకుంటోంది. మట్టి కనిపిస్తే తప్ప కూర్చోదు. కిందినుంచి మట్టి తెచ్చి వెడల్పాటి ట్రేలో పోసి బాల్కనీలో పెట్టాం. వానరోజుల్లో అదే దిక్కు. మామూలుగా అయితే లేవగానే, తిన్నాక, పడుకోబోయే ముందు కిందికి తీసుకెళ్తున్నాం. మెడపట్టీ ఒక్కటే నమ్ముకోకండి. బెదిరితే తల వెనక్కి లాగేసుకుని పారిపోతుంది. ఛాతీకి బిగించే హార్నెస్ కూడా ఉండాలి.

గోమార్లు (రక్తం పీల్చే పిడుదు పురుగులు): చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో గుత్తులుగా ఉన్నాయి. చర్మానికి ఆనించి పట్టకారుతో నిలువుగా లాగి, సబ్బునీళ్లలో వేయాలి. వేళ్లతో నలపకూడదు. కిరోసిన్ రాయమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వినకండి, చర్మం కాలిపోతుంది. డాక్టర్‌గారు ఫిప్రోనిల్ చుక్కల మందు వేశారు. దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దన్నారు. గోమార్లు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కాబట్టి బాల్కనీ పగుళ్లు సిమెంటుతో పూడ్చాం. తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా రక్తపరీక్ష చేయించాలి. గోమారి జ్వరానికి డాక్సీసైక్లిన్ మాత్రలు సుమారు 4 వారాలు వాడాల్సి వస్తుంది. రేబిస్ టీకా, మిగతా టీకాలు వేయించేశాం. అది మనల్ని గీరినా, కరిచినా సబ్బు, ధారనీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవడమే. టీకా వేశాంలే అని ఊరుకోకూడదు.

తిండి: "ఏటమ్మా ఇది, కూర లేకుండా ఒట్టన్నమేటి?" అని అత్తయ్య గోల. అన్నం, ఉడికించిన చికెన్, కొంచెం గుమ్మడి ముక్క. ఉప్పు, మసాలా లేవు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషమే. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఎండు నెత్తళ్లు కూడా కట్, వాటినిండా ఉప్పే. పాలు తాగిస్తే విరేచనాలు పట్టుకున్నాయి, పెరుగు సరిపడింది.

ఇప్పటి పరిస్థితి: అత్తయ్య టీవీ చూస్తుంటే పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటోంది. ఆవిడ కదలరు, కాళ్లు తిమ్మిరెక్కినా సరే. లిఫ్ట్ అంటే మాత్రం ఇంకా వణుకే, మెట్లే ఎక్కుతున్నాం. కింది ఫ్లాట్ ఆయన కుక్కని మెట్ల మీద చూస్తే గొణుగుతున్నాడు, లిఫ్ట్‌లో తెస్తే ఇంకెంత గొణుగుతాడో.

దీపావళికి లోపలి గది సిద్ధం చేస్తున్నాం. కిటికీకి దుప్పట్లు, గోనెపట్టా, టీవీ సౌండ్ కాస్త ఎక్కువ. బాణసంచా మొదలవకముందే కిందికి తిప్పుకొచ్చి తలుపు గడియ పెట్టాలి. భయం మందు అవసరమా అని ముందే డాక్టర్‌గారిని అడగాలి.